కోడి తిన్న పువ్వు మనం తినొచ్చా?

ఉగాది రోజుల్లో పెరడు ఊడ్చినవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం. చీపురు మూల పెట్టి ఇటు తిరిగేసరికి వేపచెట్టు మళ్లీ తెల్లగా పరిచేస్తుంది. కోళ్లేమో ఆ పూలను గీరుతూ, పొడుస్తూ తిరుగుతాయి. "తాతయ్యా, కోళ్లు తింటున్నాయిగా, మనమూ తినొచ్చా?" అని అడిగావు కదా అమ్మడూ. ఆ "కోళ్లు తింటున్నాయిగా" దగ్గరే ఉంది చిక్కంతా.

ముందు వంగి సరిగ్గా చూడు. కోడి చాలాసార్లు పువ్వును విసిరికొట్టి, దాని కింది చీమనో పురుగునో ఎత్తుకుపోతుంది. ఒకవేళ పువ్వే తిన్నా, దాని నాలుక మన నాలుక కాదు. చేదును పసిగట్టే జన్యువులు మనకు పాతిక దాకా ఉంటే కోడికి మూడే. తీపి తెలియడానికి కావలసిన జన్యువు పక్షిజాతి ఎప్పుడో పోగొట్టుకుంది. మిరప ఘాటూ వాటికి తగలదు. మొక్కల విషాల్లో చాలావాటికి చేదు ఉంటుంది. నోట్లో పెట్టగానే మనచేత ఉమ్మేయించేది అదే. ఆ కాపలా కోడికి తక్కువ. అలాంటిదాన్ని మనకు రుచి చూసిపెట్టమంటే ఎలా?

గోడ పక్కన పచ్చగన్నేరు ఉంది చూడు. పువ్వు గంటలా అందంగానే రాలుతుంది. తొడిమ గిల్లితే పాలు కారతాయి. అందులోని విషం గుండె కండరంలో సోడియాన్ని బయటికి తోసే పంపును ఆపేస్తుంది, దాంతో గుండె లయ తప్పుతుంది. ఎర్రగన్నేరుదీ అదే దారి. ఎండినా, ఉడికించినా ఆ విషం పోదు. తిరుగుతూ మేసే కోడి వాటి జోలికి పోకపోవచ్చు; గూట్లో ఆకలితో ఉన్నదానికి కత్తిరించిన కొమ్మలూ పూలూ గడ్డితో కలిపి వేస్తే ప్రమాదం. నన్నడిగితే కోళ్లున్న ఇంట్లో ఆ చెట్టే వద్దు.

రాలిన పువ్వంటే పనికిరాదనీ అనుకోకు. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పపువ్వును ఏరుకునేదే నేల మీద. రాత్రి పూసి తెల్లవారుజామున రాలుతుంది. వేళ్ల మధ్య నొక్కితే కండగా, జిగటగా ఉంటుంది. ఎండాక బరువులో సగం వరకు చక్కెరే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేస్తారు. అంత తీపి ఉన్నది తడిగా కుప్పపడి ఉంటే ఈస్టు, బూజు ఊరుకుంటాయా? అందుకే పొద్దున్నే ఏరి వెంటనే ఎండబెడతారు.

బూజును తేలిగ్గా తీసుకోకు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణమేమిటా అని వెతికితే దాణాలో కలిపిన వేరుశెనగ పిండికి పట్టిన బూజు. అఫ్లటాక్సిన్ అనే విషం అలా బయటపడింది. మామూలు వంట వేడికి అది లొంగదు. నల్లబడి, పుల్లటి వాసన వేసే పూలకుప్పను కోళ్లకు కూడా వేయకుండా ఎరువుగుంటలో పడేసేది ఇందుకే.

మన పచ్చడికి వేపపువ్వు కావాలంటే చెట్టు కింద శుభ్రమైన దుప్పటి పరుద్దాం, మట్టీ రెట్టా అంటకుండా. మునగపూలూ అంతే. కాకపోతే మునగకు గొంగళిపురుగులు పట్టాయని ఎవరైనా మందు కొట్టారేమో ముందు మీ నాన్నను అడుగు. కొట్టలేదంటే దోసెడు పూలు కడిగి మీ నానమ్మకివ్వు, కోడిగుడ్డు కొట్టి పొరటు చేస్తుంది.