జిగురు పురుగుకే.. పిచ్చుకకు కాదు!

గురజాల, మాచర్ల బస్సుల్లో వెళ్లేటప్పుడు మిరప చేలల్లో నీలం, పసుపు అట్టలు వేలాడుతూ కనిపిస్తాయి. తిరునాళ్ల తోరణాలు కావవి, జిగురు అట్టలు. తెల్లదోమకు పసుపంటే, తామర పురుగుకు నీలమంటే మోజు. వచ్చి వాలిందా, ఇక అంతే!

మన పల్నాడుకు వీటి అవసరం 2021లో గట్టిగా తెలిసొచ్చింది. నల్ల తామర పురుగు పూతలో దూరి పూతంతా రాల్చేసింది. (మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద చూశారు.) మందు మీద మందు కొట్టినా లొంగలేదు. పుస్తెలతాడు తాకట్టు పెట్టి మందులు తెచ్చామని చెప్పిన మా ఊరి పిన్ని మొహం నాకింకా గుర్తే.

అయితే జిగురుకు మంచీ చెడూ ఏం తెలుసు? పేనుబంకను తినే అక్షింతల పురుగు, తేనెటీగ, ఒక్కోసారి పిచ్చుక కూడా అతుక్కుంటాయి. మా పక్కింటి మేడ మీద కుండీల దగ్గర ఓ బల్లి పిల్ల ఇలాగే చిక్కుకుంది. లాగితే చర్మం ఊడొస్తుంది. వంటనూనె చుక్కలు వేస్తూ, దూదితో మెల్లగా విడదీశాం. అరగంట పట్టింది.

నేను చేసుకునే అట్ట వేరు. పాత ప్లాస్టిక్ రేకుకు నీలం రంగు వేసి, ఆరాక ఆముదం పూస్తాను. చిన్న పురుగుకు అది చాలు, పిట్టను పట్టి ఉంచేంత బలం దానికి లేదు. చుట్టూ మూడు మిల్లీమీటర్ల కన్నాల సన్న తీగ జాలి, అట్టకు అంగుళం ఎడంగా. తామర పురుగు మిల్లీమీటరే కాబట్టి దూరిపోతుంది, తేనెటీగ దూరలేదు. జాలి వల్ల పడే పురుగులు కాస్త తగ్గుతాయి. తగ్గనీయండి!

ఇంకో సంగతి. తామర పురుగు, తెల్లదోమ ఎగిరేది పగలే, బల్లులు తిరిగేది రాత్రి. అందుకే పొద్దుగూకగానే అట్ట తీసి లోపల పెట్టేస్తాను. దుమ్ము పడితే ఆముదం పనిచేయదు, వారానికోసారి తుడిచి మళ్లీ పూయాలి. అట్ట మొక్క చివర్ల కంటే కొంచెం పైన ఉండాలి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరపాలి.

ఇది కడితే మందే అక్కర్లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. అట్టకు ఎన్ని పడ్డాయో లెక్కపెడితే పురుగు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది, ఊరికే కొట్టే మందు తప్పుతుంది. ఆ చేలో కాయలు కోసేది ఎక్కువగా ఆడకూలీలే. మధ్యాహ్నం గట్టు మీద క్యారియర్ విప్పేదీ ఆ చేతులతోనే.