చావడిగోడ మీది పలక



"పదిమందిలో పాము చావదు" అని మన పెద్దలు చెప్పుదురు. పదిమందియు కఱ్ఱలు పట్టుకొని నిలిచియున్నను, కొట్టవలసినవాడెవడో తెలియనందున పాము పుట్టలోనికి జారిపోవును. సహకార సంఘముల పనులు చెడుటకును తఱచుగా ఇదియే కారణము. సభ్యులు సోమరులు కారు; కార్యదర్శి దొంగ కాడు. ఏ పని ఎవరిది, ఎంతవఱకు జరిగినది, ఎందుకు ఆగినది అను సంగతి నలుగురికిని ఒక్కచోట కనబడకపోవుటయే అసలు లోపము.

నేనెఱిగిన యొక గ్రామమున వేరుసెనగ విత్తనములు పంచునప్పుడు జరిగిన సంగతి చెప్పెదను. బస్తాలు తక్కువ, అడిగినవారు ఎక్కువ. కార్యదర్శి అర్జీలు వచ్చిన వరుసనే జాబితా వ్రాసి న్యాయముగనే పంచెను. కాని ఆ జాబితా ఆయన పెట్టెలో నుండెను. మూడవనాటికి "తన వాడకట్టువారికే ఇచ్చుకొన్నాడు" అను మాట పుట్టెను. ఆయన పెట్టె తెఱచి చూపునప్పటికి చూచుటకు ఎవరును నిలువలేదు. మఱుసటి యేడు పెక్కుమంది సభ్యులు వాటా సొమ్ము తిరిగి యడిగిరి. పంచిన దినమున నేనును అచ్చటనే యుంటిని. "ఆ కాగితమును గోడకు అంటింపుడు" అని ఒక్క మాట చెప్పనైతిని. అందుచేత ఆ తప్పులో నాకును పాలు కలదు.

నీటి లెక్క గోడకెక్కిన విధము

ఇట్టి పలకవలన మేలు కలుగునా యని సందేహించువారికి మన ప్రాంతముననే నిదర్శనము కలదు. 2003లో ఆరంభమైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకము అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ అను 7 కఱవు జిల్లాలలో జరిగెను. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. మన అమ్రాబాదు ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నను, 2016 వఱకు మహబూబ్‌నగరు జిల్లాలోనిదే కదా. మన మెట్ట రైతులకు ఆ పథకము పరాయిది కాదు.

దానిలో రైతులకు డబ్బు పంచలేదు. బోరు వేయువారికి జరిమానాయు విధింపలేదు. స్త్రీలును పురుషులును కొలుచుట నేర్చుకొనిరి. ఊరివారే వాన కురిసిన దినమున వర్షమానిని చూచిరి. పదునైదు దినములకొకసారి ఎంచుకొన్న బోరుబావులలో నీటిమట్టము కొలిచిరి. పంపు పోయు నీరెంతో పీపా పెట్టి గడియారము చూచి లెక్కించిరి. ఆ యంకెలను ఊరి నడుమ పలకమీద వ్రాసిరి. వానకాలము ముగిసి యాసంగి పంట వేయుటకు ముందు అందఱును కూడి, నేలలో నిలిచిన నీరెంత, తాము వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత యని సరిచూచిరి. పిమ్మట ఏ పంట వేయవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనిరి. 2010లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన యొక గ్రంథమున ఈ పథకము వివరముగా చర్చింపబడినది.

ఈ లెక్క కష్టమైనది కాదు. 200 లీటర్ల పీపా మీ పంపుక్రింద 100 సెకండ్లలో నిండినదనుకొనుడు. అనగా సెకండునకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. దినమునకు 7 గంటలు నడచినచో 50,400 లీటర్లు. 100 దినములకు సుమారు 50 లక్షల లీటర్లు. ఎకరము నేలమీద 1 మిల్లీమీటరు నీరు నిలుపవలెనన్న సుమారు 4,000 లీటర్లు కావలెను. వరికి పంటకాలమంతయు సుమారు 1,200 మిల్లీమీటర్లు, అనగా 48 లక్షల లీటర్లు పట్టును. వేరుసెనగకు సుమారు 500 మిల్లీమీటర్లు, అనగా 20 లక్షలే చాలును. ఒక్క ఎకరము వరికి పోయు నీటితో దాదాపు రెండున్నర ఎకరముల వేరుసెనగ పండునన్నమాట.

ఈ మాటనే ఉపన్యాసముగా చెప్పిన విని మఱచిపోవుదురు. తన బావిలోని నీటిమట్టము పక్షపక్షమునకు దిగిపోవుట, ప్రక్కనే పొరుగువాని బావియు దిగిపోవుట ఒక్క పలకమీద చూచినవాడు మఱువలేడు. మన రాతినేలలో నీరు బండల పగుళ్లలో నుండును. ఒకని బోరు లోతు చేసినచో పొరుగువాని బోరు ఎండవచ్చును. అప్పు తెచ్చి బోరు వేసి, అది యెండగా మఱియొక అప్పు తెచ్చి మఱియొకటి వేసి, చివరకు భూమినే పోగొట్టుకొన్న కుటుంబములను మనమెల్లరము చూచితిమి. కంటికి కనబడని నీటిని కనబడునట్లు చేయుటయే ఆ పలక చేసిన ఉపకారము.

పలకమీద ఏమి వ్రాయవలెను

మన సంఘమునకు నాలుగు గడులు చాలును: చేయవలసిన పనులు, జరుగుచున్న పనులు, ఆగిన పనులు, ముగిసిన పనులు. ఒక్కొక్క పనిని చీటీమీద వ్రాసి, దానిక్రింద బాధ్యుని పేరును, ఆరంభించిన తేదిని వేసి తగిన గడిలో గ్రుచ్చవలెను. కాలువ పూడిక తీయుట, మందుకొట్టు పంపు బాగుచేయించుట, ఎరువుల బస్తాలు తెప్పించుట, అన్నియు ఇట్లే. పని సాగినకొలది చీటీ గడి మారును. జపాను దేశపు టొయోటా మోటారు కర్మాగారమున టైచి ఓనో అను నింజనీరు 1950 దాటిన పిమ్మట ఇట్టి చీటీల పద్ధతిని నెలకొల్పెను. దానిని వారు కాన్‌బాన్ అందురు. ఆ మాటకు సూచికఫలకమనియే యర్థము. చేతనున్న పని ముగియకుండ క్రొత్తది నెత్తిన వేసుకొనరాదనుట అందలి నీతి. మనమును "జరుగుచున్నవి" అను గడిలో మూడు చీటీలకు మించి యుంచరాదు.

ఆగిన పనుల గడి మిక్కిలి ముఖ్యము. అచ్చట కారణము వ్రాయవలెను: "పంపు భాగము అచ్చంపేటలో దొరకలేదు" అనియో, "కూలివారు పత్తి ఏఱుటకు పోయిరి" అనియో. కారణము కనబడినచోట నింద పుట్టదు, సాయము పుట్టును.

వ్రాయరానివి

సహకారోద్యమమునకు మూలపురుషులలో ఒకడని పేరుపొందిన రాబర్టు ఓవెను 1800 మొదలు స్కాట్లాండులోని న్యూ లానార్కు నూలుమిల్లును నడపెను. అచ్చట ప్రతి పనివానిచెంత నాలుగు ముఖముల చిన్న కొయ్య వ్రేలాడుచుండెను. నలుపు ముఖము చెడుగునకు, తెలుపు మిక్కిలి మంచికి. నీలమును పసుపును నడిమివి. ముందునాటి నడవడినిబట్టి పైయధికారి దానిని త్రిప్పియుంచెడివాడు. కొట్టుట తిట్టుట కంటె అది మేలే. అయినను అది మనిషికి వేసిన గుర్తు. పనికి వేసినది కాదు. సంఘములో సభ్యుడు కూలివాడు కాడు, యజమాని. అతనిని నలుపని తెలుపని గోడకెక్కింపరాదు.

కావున ఎవరి అప్పు బాకీయు పేరుతో పలకమీద వ్రాయకుడు. ఇచ్చిన మొత్తము, వసూలైన మొత్తము మాత్రము వ్రాయుడు. తన ఖాతాను తాను పుస్తకములో చూచుకొను హక్కు ప్రతి సభ్యునికిని కలదు. పంట పోయి తలవంచుకొన్నవానిని గోడమీద మఱల తలవంపు చేయుట మహాపాపము. విత్తనములు, ఎరువులు పొందినవారి వరుసను మాత్రము తప్పక వ్రాయుడు. అది పంపకము, పరువు కాదు.

చదువురానివారి సంగతి

వ్రాసినంతనే సరిపోదు, చదివి వినిపింపవలెను. 2006 మొదలు ఉపాధి హామీ పనులపై మన ప్రాంతమున జరిగిన సామాజిక తనిఖీలలో ఊరి యువకులు ఇంటింటికి పోయి, "నీకు ఇన్ని దినముల కూలి వ్రాసినారు, ముట్టినదా?" అని యడిగి, పిమ్మట బహిరంగసభలో ఆ లెక్కలను చదివిరి. అక్షరము రాని కూలితల్లియు లేచి "నాకు ముట్టలేదు" అనగలిగెను. మనమును అట్లే వారమునకొకసారి, సంత మఱునాటి సాయంకాలమున, పలకను బిగ్గరగా చదువవలెను. బస్తాకు బస్తా బొమ్మ, నీటికి బిందె బొమ్మ వేసినచో మఱియు మంచిది. వ్రాయువానిని నెలకొకసారి మార్చవలెను. సుద్దముక్క ఒక్కని చేతనే నిలిచినచో అదియు పెట్టెలోని జాబితాయే యగును. తప్పు వ్రాసినచో తుడిచివేయక, గీటు గీచి ప్రక్కన సరియైనది వ్రాయవలెను.

పలక పని చేయదు; పని చేయువారు మనమే. కాని ఎవని వంతు వచ్చినదో అది చూపును. వ్యయము బహు స్వల్పము: సున్నము కొట్టిన గోడ, నల్లరంగు, సుద్ద. వచ్చు సభకు వచ్చునప్పుడు మీ బావి నీటిమట్టమును, పీపా నిండుటకు పట్టిన సెకండ్లను కొలిచి తెండు. మొదటి వరుస ఆ యంకెలతోనే వ్రాయుదము.