కనిపించని కంచె - పశువుల సంక్షేమం

పశుపోషణ ఎంత ప్రాచీనమైనదో కంచె కూడా ఇంచుమించు అంత ప్రాచీనమైనదే. ముళ్లకంప, రాతిగోడ, ఇనుపతీగ, విద్యుత్తు ప్రవహించే తీగ - ఇవన్నీ కంటికి కనిపించేవి. కాగా నార్వే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలలో నేడు కంటికి కనిపించని కంచె ఒకటి వాడుకలో ఉంది. పశువు మెడకు కట్టిన పట్టీలోని పరికరం ఉపగ్రహ సంకేతాల సహాయంతో అది ఉన్న చోటును గుర్తిస్తుంది. యజమాని ఫోన్‌లోని పటం మీద గీసిన గీతే ఆ పశువుకు సరిహద్దు.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. కుక్కలు ఆవరణ దాటకుండా చూసే ఇటువంటి పరికరానికి 1973లోనే అమెరికాలో రిచర్డ్ పెక్ పేటెంటు పొందాడు.

పశువు గీతను సమీపించగానే పట్టీ నుండి హెచ్చరిక ధ్వని వెలువడుతుంది. అది వెనుదిరిగితే ధ్వని ఆగిపోతుంది. లెక్కచేయక ముందుకు సాగితే స్వల్పమైన విద్యుద్ఘాతం తగులుతుంది. ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. కనిపించే తీగను పశువు చూసి తప్పుకోగలదు. కనిపించని దానిని ఎలా తప్పుకోగలదు? ధ్వని ద్వారానే. అనగా పశువుకు అసలు కంచె ఆ ధ్వనియే. ధ్వనికి అర్థం తెలియని పశువుకు ఆ ఘాతం కారణం తెలియని బాధ మాత్రమే.

ఆస్ట్రేలియాకు చెందిన కరోలిన్ లీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ఈ విషయాన్ని రెండు సూత్రాలుగా వివరించారు. రాబోయే బాధను పశువు ముందుగా గ్రహించగలగాలి. తన ప్రవర్తన ద్వారా దానిని తప్పించుకోగలగాలి. ఈ రెండూ ఉన్నచోట ఒత్తిడి స్వల్పం. లేనిచోట పశువు నిస్సహాయమవుతుంది. 2019లో ఆస్ట్రేలియాలో కోడెదూడలపై నాలుగు వారాలు జరిగిన ఒక ప్రయోగంలో, పేడలోని ఒత్తిడి సూచకాల విషయంలో కనిపించని కంచెకూ విద్యుత్తు కంచెకూ భేదం కనబడలేదు. అయితే అన్ని పశువులూ ఒకే వేగంతో నేర్చుకోవు. మందకు సరిపడినది మందలోని ప్రతి పశువుకూ సరిపడుతుందని భావించరాదు.

కనుక కొన్ని రక్షణలు తప్పనిసరి. ధ్వని లేకుండా ఘాతం ఎన్నడూ కలుగరాదు. ఘాతాలకు పరిమితి ఉండాలి. నార్వే దేశపు నోఫెన్స్ పట్టీ మూడు ఘాతాల తరువాత ఆగిపోయి, పశువు తప్పించుకున్నదని యజమానికి తెలియజేస్తుంది. కుక్క తరిమినా, మంట చెలరేగినా పారిపోతున్న ప్రాణిని అది వెంటాడి బాధించదు. తిరిగి లోపలికి వచ్చే పశువును అడ్డగించదు కూడా. మొదటి రోజులలో మామూలు కంచె ఉన్న చోటనే శిక్షణ ఇవ్వాలి. నేర్చుకోలేని పశువు నుండి పట్టీ తొలగించాలి. గీత లోపల నీరు, నీడ, చాలినంత మేత ఉండాలి. పెరిగే దూడల మెడకు పట్టీ బిగుసుకోకుండా తరచు సరిచూడాలి.

ఈ పద్ధతి వలన లాభం లేకపోలేదు. తీగలలో చిక్కి గాయపడే ప్రమాదం తగ్గుతుంది. కొండచరియలలో సైతం మేత అదుపులో ఉంటుంది. కాని పట్టీ పశువు ఎక్కడ ఉన్నదో చెప్పగలదే గాని, అది ఏ స్థితిలో ఉన్నదో పూర్తిగా చెప్పలేదు. కుంటుతున్న కాలును, పుండుపడిన మెడను దగ్గరకు వెళ్లి చూడవలసినది మనిషే. కంచె కనిపించకుండా పోయినంత మాత్రాన కాపరి కూడా కనిపించకుండా పోరాదు.