కత్తెర ప్రకృతిది, రుసుము కంపెనీది

పత్తి రైతుకు 'బీటీ' అన్న మాట కొత్త కాదు. కానీ ఒక జీవిలోని గుణాన్ని ఇంకో జీవిలోకి ఎట్లా తెస్తారు? దానికి వాడే పనిముట్టు ఏమిటి? అది ఎవరి సొత్తు? ఈ సంగతి మన రైతాంగం తెలుసుకోవాలి.

ప్రతి జీవకణంలోనూ డిఎన్ఏ అనే రెండు పేటల తాడు ఉంది. తరతరాలుగా వచ్చే గుణాలన్నీ దాని మీద నాలుగే నాలుగు అక్షరాలతో రాసివుంటాయి. ఈ తాడును కోసే కత్తెరను మనిషి చెయ్యలేదు. కంటికి కనపడని బాక్టీరియాలో అది పుట్టింది. వైరస్ లోపలికి చొరబడితే బాక్టీరియాలోని ఎంజైమ్ దాని డిఎన్ఏని ముక్కలు చేస్తుంది. సొంత తాడు తెగకుండా దాని మీద రసాయనిక గుర్తులు ఉంటాయి, మందలో గొర్రెలకు ముద్ర వేసినట్టు.

ఈ కత్తెర ఎక్కడపడితే అక్కడ కొయ్యదు. ఇ.కోలై బాక్టీరియాలో దొరికిన 'ఎకో ఆర్ వన్' అనే ఎంజైమ్ జి, ఎ, ఎ, టి, టి, సి అన్న ఆరక్షరాల వరుస కనబడితేనే కోస్తుంది. ఎదురు దిక్కు నుంచి చదివితే రెండో పేటలోనూ అదే వరుస. రెంటిలోనూ జి తర్వాతే తెగుతుంది. అందుచేత ఒక్కో కొసన నాలుగక్షరాల పోగు వేలాడుతూ మిగులుతుంది. ముడి లేకుండా రెండు తాళ్లు కలిపి పేనాలంటే పేటలను హెచ్చుతగ్గులుగా కోస్తాం గదా, అట్లాగన్నమాట. అదే కత్తెరతో కోసిన ముక్క ఏ జీవిదైనా సరే ఈ కొసకు అతుక్కుంటుంది. లైగేజ్ అనే మరో ఎంజైమ్ ఆ అతుకును గట్టిపరుస్తుంది.

నిర్ణీత చోట కోసే ఇటువంటి ఎంజైమ్‌ను 1970లో అమెరికాలో హామిల్టన్ స్మిత్ వెలికితీశారు. ఆర్బర్, నాథన్స్‌లతోపాటు ఆయనకు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. 1973లో కోహెన్, బోయర్ బృందాలు ఇట్లా అతికించిన డిఎన్ఏని బాక్టీరియాలో పెంచి చూపాయి. మధుమేహ రోగులకు మానవ ఇన్సులిన్ ఈ దారిలోనే వచ్చింది. ఈ మేలును ఎవరూ కాదనరు.

అయితే విశ్వవిద్యాలయాల్లో పుట్టిన ఈ విద్యపై 1980లోనే పేటెంటు పడింది. ఆ తర్వాత మట్టిలోని బాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చి కంపెనీలు వ్యాపారం మొదలెట్టాయి. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి దొరికింది. 450 గ్రాముల పాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు ఒక్క ఆ గుణానికి వసూలు చేసిన రుసుమే! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఎక్కింది. చివరకు పాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. పోరాడితే ధర దిగుతుందని రుజువైంది.

రైతుకు సైన్సుతో తగాదా లేదు, గుత్తాధిపత్యంతోనే తగాదా. ఈ కత్తెర ప్రభుత్వ పరిశోధనా కేంద్రాల్లో పనిచెయ్యాలి. అక్కడ తయారైన విత్తనం అందుబాటు ధరకు రైతుకు చేరాలి. మన డిమాండ్ ఇదే కావాలి.