ఒంటరి ఇంటికి మట్టి మనుషులు

ఇల్లు అలకడం, ముగ్గు పెట్టడం మన ఆడవాళ్లకి కొత్తేం కాదు. ఆ అలికే మట్టితోనే ఇంటినిండా మనుషుల్నీ పిట్టల్నీ దేవుళ్లనీ తయారుచేసుకున్న ఇల్లాలి సంగతి విన్నారా? ఆమె పేరు సోనాబాయి రజ్వార్. ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో పుహ్‌పుత్ర.

చిన్న వయసులోనే తనకంటే బాగా పెద్దవాడికిచ్చి పెళ్లిచేశారు. ఊరికి ఎడంగా ఇల్లు కట్టుకున్నారు. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఆమెకి గడప దాటే వీల్లేదు. పుట్టింటికి పోకూడదు, ఇరుగుపొరుగుతో మాట్లాడకూడదు. భర్త పెట్టిన ఆంక్ష అది! తోడున్నది పసివాడు దరోగారామ్ ఒక్కడే. వాడికి ఆడుకోవడానికి బొమ్మలైనా లేవు. అందుకని మట్టి పిసికి తనే చేసిచ్చింది.

ఆ బొమ్మలే మెల్లగా గోడలెక్కాయి.

వరికోతలయ్యాక పుష్యమాసంలో వచ్చే ఛేర్తా పండగకి ఇల్లు అలికి, గోడల మీద మట్టితో ఉబ్బెత్తు అలంకారాలు చేయడం రజ్వార్ స్త్రీల ఆనవాయితీ. మనకి సంక్రాంతి ముందుండే హడావుడిలాంటిదే. సోనాబాయి అక్కడితో ఆగలేదు. ఎండ చురుక్కుమంటుంటే వెదురు బద్దల్ని గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి, పైన మట్టి మెత్తి వసారా స్తంభాల మధ్య జాలీలు నిలబెట్టింది. నీడకి నీడ, గాలికి గాలి! ఆ జాలీ కన్నాల్లో పక్షులు, పాములు, డోలు వాయించేవాళ్లు. గోడమీద వేణువూదే కృష్ణుడు. గడప దాటలేని మనిషి దేవుణ్ణే ఇంట్లోకి పిలుచుకుంది మరి.

రంగులో? మొదట్లో లేనే లేవు. కొనుక్కొచ్చే దారీ లేదు. ఆకులు, వంటింట్లో దినుసులు నూరి చూసింది. ఆకుపసరు ఎన్నాళ్లుంటుందో మనకి తెలియందా? వెలిసినప్పుడల్లా మళ్లీ మళ్లీ... అలా చేస్తూ చేస్తూనే ఏది గోడకి పడుతుందో పట్టుకుంది.

1983లో జానపద కళల కోసం ఊళ్లు తిరుగుతున్న భోపాల్ భారత్ భవన్ వాళ్ల కంట ఈ ఇల్లు పడింది. ఆమె పనితనం కొంత భోపాల్ చేరింది. తర్వాత రాష్ట్రపతి పురస్కారం, మధ్యప్రదేశ్ ప్రభుత్వం తులసీ సమ్మాన్ వచ్చాయి.

ఒంటరితనమే ఆమెను కళాకారిణిని చేసిందని మురిసిపోయేవాళ్లున్నారు. ఏమో! పదిహేనేళ్ల చెరకి ఆ గొప్ప ఎందుకివ్వాలి? తలుపులు తెరుచుకున్నాక కూడా ఆమె చేతులు ఆగలేదుగా. పైగా ఊళ్లోవాళ్లకి పని నేర్పింది.

2007లో సోనాబాయి కన్నుమూసింది. రెండేళ్లకి అమెరికాలోని శాన్ డియాగోలో, మింగే మ్యూజియంలో ఆమె కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. ఆమె దగ్గర మట్టిపని నేర్చుకున్నవాళ్లలో కోడలుంది, ఆ మొదటి బొమ్మలతో ఆడుకున్న దరోగారామ్ కూడా ఉన్నాడు.