గొర్రు కట్టిన లెక్కలు!

హంద్రీ నదిపై గాజులదిన్నె ప్రాజెక్టు ఉన్నది గోనెగండ్ల మండలంలోనే. కానీ ఆ నీళ్లందని పొలాలకు వానే దిక్కు. వేరుశనగ విత్తాలన్నా, పత్తి గింజ నాటాలన్నా 'రేపు వాన పడుతుందా?' అన్నది తేలాలి. ఆ జవాబు వెనుక లెక్కకు మిక్కిలి లెక్కలుంటాయి. వాటిని చకచకా చేయించే తెరవెనుక మేస్త్రీ పేరు... కంపైలర్!

చుక్క ఉన్న అంకెలు

గాలి వేగం, ఎండ, తేమ... వీటి కొలతలు 31.4, 12.7 అంటూ చుక్కతో ఉంటాయి. కంప్యూటర్ పరిభాషలో ఇలాంటివి 'ఫ్లోటింగ్ పాయింట్' సంఖ్యలు. వీటి కోసమే ఇంటెల్ 1980లో 8087 అనే విడి చిప్ తెచ్చింది. 1989లో 486 రాకతో ఆ పని ప్రాసెసర్‌లోనే కలిసిపోయింది. అయినా ఒకసారికి ఒకటే లెక్క, నాగలి వెంట ఒక్కో సాలూ విత్తినట్టు!

1998లో ఏఎండీ 'త్రీడీ నౌ' ఆదేశాలతో రెండేసి లెక్కలు సాధ్యమయ్యాయి. 1999లో పెంటియమ్-3లోని 'ఎస్ఎస్ఈ'తో నాలుగేసి, 2011లో 'ఏవీఎక్స్'తో ఎనిమిదేసి, ఆ తర్వాత 'ఏవీఎక్స్-512'తో పదహారేసి. అచ్చం గొర్రుతో ఒకేసారి నాలుగైదు సాళ్లు విత్తడమే!

దుబాసీకి తెలియాలి

గొర్రు ఇంట్లో ఉంటే చాలదు, కట్టడం తెలియాలి. మనిషి రాసిన ప్రోగ్రామును చిప్ భాషలోకి మార్చే దుబాసీ కంపైలర్. పాత మిషన్లలోనూ నడవాలని అది మామూలుగా అన్ని చిప్‌లకూ తెలిసిన ఆదేశాలే వాడుతుంది. దాంతో కొత్త చిప్ సత్తా వృథా. పోనీ కొత్త ఆదేశాలే వాడమంటే? పాత కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాము మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఒకే పనికి రెండు మూడు రూపాలు తయారుచేసి, చిప్‌ను బట్టి తగినది ఎంచుకునే ఏర్పాటు కూడా కంపైలర్లలో ఉంది.

చివరి అంకెతో చిక్కు

ఇంకో పేచీ ఉంది. అంకెలను నాలుగు వరుసల్లో విడివిడిగా కూడి కలిపితే, ఒకే వరుసలో కూడినదానికీ దీనికీ చివరి అంకెలో తేడా రావచ్చు. అంత చిన్న తేడాతో ఏమవుతుందంటారా? 1961లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ లెక్కలో 0.506127 బదులు 0.506 వేశారు. అంతే... ఫలితం పూర్తిగా మారిపోయింది! అందుకే జీసీసీ, ఎల్ఎల్‌వీఎం వంటి కంపైలర్లు ప్రోగ్రామరు అనుమతి లేనిదే కూడిక క్రమాన్ని మార్చవు.

ఈ ఎల్ఎల్‌వీఎం మీద మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ పరిశోధనలు సాగుతున్నాయి.

ఆరు కిలోమీటర్లకో గడి

2025 మేలో మొదలైన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' దేశాన్ని ఆరు కిలోమీటర్ల గడులుగా విడదీసి వానను అంచనా వేస్తుంది. అంతకుముందు గడి పన్నెండు కిలోమీటర్లు. గడి పొడవూ వెడల్పూ సగమైతే గడుల సంఖ్య నాలుగింతలు, లెక్కలు అంతకంటే ఎక్కువే. అవి ఎంత కచ్చితమైనా రేపటి వాన కబురు ఎల్లుండి చేరితే రైతుకేం లాభం? సూపర్ కంప్యూటర్ కొనడం ఎంత ముఖ్యమో, దాని సత్తాను ఆసాంతం వాడుకునే కంపైలరూ అంతే ముఖ్యం.