పాత ధారావాహికలు - క్రొత్త వేషములు

ఒకప్పుడు జనాదరము పొందిన టెలివిజన్ ధారావాహికను ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట క్రొత్త నటులతోను, క్రొత్త హంగులతోను మఱల నిర్మించుట నేడు పరిపాటియైనది. అట్టిది వెలువడిన ప్రతిసారియు ఒకే వివాదము చెలరేగుచున్నది. మొదటిదానిని మార్చరాదని పెద్దలందురు. మార్పనిచో మఱల తీయుట దేనికని నిర్మాతలందురు. విధేయత వలెననుటలో మాకును సందేహము లేదు. అది దేనియెడల నుండవలెననునదియే తేలవలసిన యంశము.

మన దేశమున నీ విచారణకు రామాయణ భారతములను మించిన నిదర్శనము లేదు. రామానంద సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలై 78 భాగములుగా 1988 జులై వఱకు నడచినది. బి. ఆర్. చోప్రా ‘మహాభారత్’ 1988 అక్టోబరు 2న ప్రారంభమై 94 భాగములతో 1990 జూనులో ముగిసినది. ఆ ఆదివారపు ఉదయములు చదువరులలో పలువురకు జ్ఞాపకముండును. మా యూర హిందీ తెలిసినవారు నలుగురైదుగురు మాత్రమే. అయినను ఊరికి ఒక్కటియైన ఆ పెట్టె యెదుట చాపలు పఱచుకొని, చెప్పులు వాకిట విడిచి జనము కూర్చుండిరి. భాష రాకున్నను కథ వచ్చును గదా! ఉత్తరదేశమున రాముడనగా అరుణ్ గోవిల్ మొగమే యను తరమొకటి పెరిగినది. మనకు ఆ పీఠమును రామారావు గారు అంతకుముందే ఆక్రమించియున్నందున ఆ ప్రమాదము కొంత తగ్గినది.

2008లో సాగర్ కుటుంబపు సంస్థయే రామాయణమును మఱల తీసినది. ఆ యేడే ఏక్తా కపూర్ భారతమును చేపట్టగా, అది సంవత్సరము నిండకమునుపే నిలిచిపోయినది. 2013లో స్టార్ ప్లస్‌వారి ‘మహాభారత్’ వచ్చి 267 భాగములు నడచినది. ఆడంబరము హెచ్చినదనియు, సన్నివేశములు సాగినవనియు పాతతరమువారు నిట్టూర్చిరి. ఇందు కొంత నిర్మాతల దోషమున్నను కొంత పద్ధతి దోషము. వారమునకొక్కమారు వచ్చు కథ వేఱు, రాత్రికొక అరగంట వచ్చు కథ వేఱు. ప్రతిరాత్రియు ప్రేక్షకుని మఱునాటికి కట్టివేయు ఉత్కంఠ యొకటి కావలయును. నడుమ ప్రకటనలకు చోటును కావలయును. ఒక్క కోపపుచూపును మూడు దిక్కులనుండి, మూడు ఉఱుములతో మూడుమార్లు చూపుట అందుచేతనే.

ఇంతకును పాత రామాయణము మాత్రము మూలమా? అది ముఖ్యముగా తులసీదాసును అనుసరించినది. ప్రారంభమున చూపు ఆధారగ్రంథముల పట్టికలో వాల్మీకితోపాటు కంబరామాయణమును, మన రంగనాథ రామాయణమును కూడ పేర్కొన్నారు. అనగా అది అనేక నదుల నీరు కలిసిన చెఱువు. 1988లో పట్టాభిషేకముతో కథను ముగింపగా, వాల్మీకిని తమ కులగురువుగా కొలుచు పారిశుద్ధ్యకార్మికులు పంజాబున సమ్మెకట్టిరి. లవకుశుల కథ లేనిదే రామాయణమెట్లు పూర్తియగునని వారి వాదము. పిమ్మట ఉత్తరకథయు తెరకెక్కినది. చీపురు పట్టిన ఆ కార్మికులు ధారావాహికను దాటి గ్రంథమును అడిగిరి. మా దృష్టిలో ఈ విషయమున అంత చక్కని విమర్శ మఱియొకరు చేయలేదు.

మూలమున లేనిదెల్ల పనికిరానిదని మేమనము. చోప్రా భారతమునకు సంభాషణలు వ్రాసిన రాహీ మాసూమ్ రజా కాలమునే కథకునిగా నిలిపెను. చీకటిలో తిరుగు చక్రము, దాని వెనుకనుండి ‘నేను కాలమును’ అని పలుకు గంభీరస్వరము - ఇది వ్యాసుడు చెప్పినది కాదు. కాని వ్యాసుని భావమునకు ఇంతకంటె దగ్గఱ వచ్చిన కల్పన అరుదు. 2013 నాటివారు ఆ కాలపురుషుని విడిచి కృష్ణునిచేతనే ప్రేక్షకులకు హితబోధ చేయించిరి. పాతదానిని అనుకరింపక తమ త్రోవ తాము వెదకుకొన్నందుకు వారిని తప్పుపట్టజాలము. బోధ కొంచెము తగ్గించియుండిన బాగుండెడిది.

అదే చోప్రా భారతమున మఱియొక కల్పన యున్నది. మయసభలో నేలయని భ్రమించి దుర్యోధనుడు నీట పడినప్పుడు, ద్రౌపది పైనుండి నవ్వి, గ్రుడ్డివాని కొడుకు గ్రుడ్డివాడే యనును. వ్యాసుని గ్రంథమున ద్రౌపది నోట ఈ మాట లేదు. సభాపర్వమున అచ్చట నవ్వినవారు పరిచారకులు, భీమార్జునులు, కవలలు. ద్రౌపదియు స్త్రీలతో కలిసి నవ్వెనని తరువాత దుర్యోధనుడు తండ్రికడ చెప్పుకొనును. అది మనసు మండిన మనిషి వాఙ్మూలము. దానిని కన్నులార చూచిన సంగతిగా మార్చి, పైన దుర్భాషను చేర్చుటచే కలిగిన ఫలమేమి? జూదమాడినవాడును, పణముగా ఒడ్డినవాడును, చీరపట్టి లాగినవాడును తప్పుకొనగా, నవ్విన ఆడుదానిమీద కురుక్షేత్రపు భారమంతయు పడినది. నవ్వు నాలుగు విధముల చేటని ఇంటిలోని ఆడుపిల్లలకు ఈ కథనే దృష్టాంతముగా చెప్పు పెద్దలను మనమెఱుగుదుము. ఈ మాటను చోప్రా కనిపెట్టెనని మేమనుటలేదు. నాటకములును, జనశ్రుతియు దానిని చాలకాలమునుండి మోయుచున్నవి. కాని కోట్ల జనుల యెదుట పలికించిన పిమ్మట అది వ్యాసవాక్యమై కూర్చున్నది. పాత ధారావాహికకు విధేయుడగువాడు ఈ అపవాదునకును విధేయుడు కావలసివచ్చును.

మూలగ్రంథమే లేని ధారావాహికల మాట వేఱు. అమెరికాలో 1978లో ‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ యనునది వచ్చినది. యంత్రజాతి దాడిలో పన్నెండు లోకములు నశింపగా, మిగిలిన జనము ఒక్క యుద్ధనౌక కాపుదలలో భూమిని వెదకుచు పోవుట అందలి కథ. 2003లో రోనాల్డ్ మూర్ దానిని మఱల చేపట్టి, స్టార్‌బక్ అను వీరుని స్త్రీగా మార్చెను. శత్రుయంత్రములు మనుష్యులు చేసికొన్నవేయని కథను త్రిప్పెను. పాత స్టార్‌బక్ వేషధారి డర్క్ బెనెడిక్ట్ దీనిని బహిరంగముగ ఖండించెను. నాటి అపోలో పాత్రధారి రిచర్డ్ హాచ్ మొదట ఎదిరించి, పిదప క్రొత్తదానిలో వేఱొక పాత్ర ధరింప నంగీకరించెను. ఆ నిర్మాణమునకు 2005లో పీబాడీ పురస్కారము లభించినది. సర్వనాశనమునుండి బయటపడిన జనుల దుఃఖమును పాతది తొందరగా మఱచి వినోదమునకు దిగగా, క్రొత్తది ఆ దుఃఖమును విడువలేదు. వేషములు మార్చియు కథ యొక్క ప్రాణమును పట్టుకొన్నది.

అయినను పేరు తీసికొనుటలో ఒక ఋణమున్నది. ఆ పేరుపై పూర్వులు కూడబెట్టిన ఆదరమును క్రొత్తవాడు ఉచితముగా అనుభవించును. ఎఱ్ఱన ఈ ఋణమును ఎట్లు తీర్చెనో తెలుగువారికి తెలియును. పదునొకండవ శతాబ్దమున నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పదునాల్గవ శతాబ్దమున పూరించుచు, దానిని నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితము చేసి, తన చేయి కనబడకుండ తొలికవి శైలినుండి తిక్కన శైలికి వంతెన వేసెను. తిక్కన యట్లు చేయలేదు. విరాటపర్వము మొదలు తన త్రోవను తాను నడచి హరిహరనాథునికి అంకితమిచ్చెను. ఒకడు పూర్వకవి గొంతుతో పలికెను, ఒకడు తన గొంతుతో పలికెను. భారతము ఇద్దఱి చేతులలోను భారతముగానే యున్నది.

2020 మార్చి నెలాఖరున, అందఱును ఇండ్లలో చిక్కుకొన్న వేళ, దూరదర్శన్ పాత రామాయణ భారతములను మఱల ప్రసారము చేసినది. ఏప్రిల్ 16న ఒక్కనాడే 7 కోట్ల 70 లక్షలమంది రామాయణమును చూచిరని ప్రకటించినది. కనుక పాతది ఎచ్చటికిని పోలేదు. క్రొత్తవారు దానిని చెఱుపుదురను భయము మనకనవసరము. మా భయము వేఱు. రేపు మఱియొకడు మయసభను కట్టబూనునప్పుడు, పాత తెరను చూచి గీతలు గీసికొనునా, సభాపర్వమును తెఱచి చదువునా?